నూకరాజు గారి రెండు వయసులు

రైల్వే వారి లెక్క ప్రకారం చింతాడ నూకరాజు గారు 1931 జూలై ఒకటో తారీఖున జన్మించారు. కన్నతల్లి లెక్క ప్రకారం అంతకు ఎనిమిదేళ్ళ ముందే జన్మించారు. ఆ ఇద్దరిలో పురుటి సమయానికి అక్కడ ఉన్నది తల్లి ఒక్కతే. అయినా రబ్బరు స్టాంపు రైల్వే వారి దగ్గర ఉంది కనుక వారి మాటే నెగ్గింది.

ఇందులో నూకరాజు గారి గొప్ప ఏమీ లేదు. శ్రీకాకుళం పల్లెల నుంచి వచ్చి ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో చేరిన మనవాళ్ళలో అసలు పుట్టినరోజుతో చేరినవాడు ఎవడైనా ఉంటే వాడికి లోకజ్ఞానం లేదని అర్థం. 1949లో కొలువు కోసం వరసలో నిలబడినవారు, ముందువాడు ఎంత చెప్తే దానికి ఒకటి తగ్గించి చెప్పేవారు. నూకరాజు గారి ముందున్నవాడు పందొమ్మిది అన్నాడు. అందుచేత ఇరవయ్యారేళ్ళ నూకరాజు గారు పద్ధెనిమిది అన్నారు. వరసలో ఇంకో పదిమంది తరవాత నిలబడి ఉంటే పాలపళ్ళతో ఉద్యోగంలో చేరి ఉండేవారు. ఆ పొద్దున ఆయన గడ్డం రెండుసార్లు గీసుకున్నారు. గుమస్తా తల ఎత్తి చూడలేదు కనుక రెండో గీత వృథా అయింది.

అయితే ఈ పద్ధెనిమిదేళ్ళ బాలుడికి అప్పటికే నాలుగేళ్ళ కొడుకున్నాడు. పేరు రంగనాథ్. కాగితాల లెక్కన నూకరాజు గారు పద్నాలుగో ఏట తండ్రి అయినట్టు తేలుతుంది. రైల్వే వారు ఎంత పెద్దమనసు గలవారైనా దీన్ని నమ్మరని ఆయనకే తోచి, కొడుకుని తమ్ముడిగా రాయించారు. తరవాత ఆ తమ్ముడూ అదే వర్క్‌షాపులో చేరాడు. ఇంట్లో "నాన్నా" అనీ, గేటు దాటాక "అన్నయ్యా" అనీ పిలవడం మప్పుకున్నాడు. కాలనీకి వెల్‌ఫేర్ ఇన్‌స్పెక్టర్ వచ్చిన రోజుల్లో తల్లి జోగమ్మని "వొదినా, మంచినీళ్ళు" అని అడిగేవాడు. ఆవిడ ఇచ్చేది. ఇన్‌స్పెక్టర్ వెళ్ళాక వీపు మీద ఒకటి కూడా ఇచ్చేది.

ఇక రెండో వయసు సంగతి. ఖరగ్‌పూర్‌లో మన తెలుగువాళ్ళుండే ఖరిదా పేటలో రెండు గదుల పెంకుటిల్లు ఒకటుంది. దాని పేరు ఆంధ్ర విద్యా వినోదిని గ్రంథాలయం. "సర్వులకూ స్వాగతం" అని బయట బోర్డు, పుస్తకాల బీరువాలకు వర్క్‌షాపులో చేసిన ఇనప తాళాలు. 1950లో నూకరాజు గారు అక్కడికి చదువుకోవడానికి కాక, కూచోవడానికి వెళ్ళారు. మామూలు సభ్యులకు చాప, కమిటీ సభ్యులకు కుర్చీ. కుర్చీ కావాలంటే ఇరవై అయిదేళ్ళు నిండాలని నియమావళి. నూకరాజు గారు సభ్యత్వ రిజిస్టరు అందుకుని, వయసు గడిలో "27" అని స్వహస్తంతో రాసి సంతకం పెట్టారు. జీవితంలో ఆయన కాగితం మీద పెట్టిన నిజం అదొక్కటే. అదీ కుర్చీ కోసం.

ఆనాటి నుంచి పొద్దున్న సైరన్ కూసేసరికి ఆయన పందొమ్మిదేళ్ళవాడు, సాయంత్రం లైబ్రరీలో దీపం వెలిగేసరికి ఇరవై ఏడేళ్ళవాడు. నడుమ సైకిల్ మీద పదిహేను నిమిషాల్లో ఎనిమిదేళ్ళు గడిచిపోయేవి. ఇలా ముప్పై ఏడేళ్ళు తొక్కారు.

ఆ ముప్పై ఏడేళ్ళ విద్యావ్యాసంగం గురించి రెండు ముక్కలు చెప్పక తప్పదు. ప్రతి శనివారం ఒక పుస్తకం సంచిలో వేసుకుని వెళ్ళేవారు, వచ్చే శనివారం అదే సంచిలో తెచ్చేవారు. సంచి విప్పిన సాక్షులు ఎవరూ లేరు. ఏ పుస్తకం పేరెత్తినా "అది సదివీసినాను" అనేవారు. ఎలా ఉందంటే "అట్ట గట్టిది" అనేవారు. అయినా కాలక్రమాన ఉపాధ్యక్షులయ్యారు. బీరువాల తాళాల గుత్తి ఆయన మొలలోకి చేరింది. ఎవరైనా పుస్తకం అడిగితే ముందు వాళ్ళ చేతులు చూసేవారు.

ఈ వైభవానికి ఒకే ఒక్క పంటికింద రాయి జ్ఞానరత్నం మాస్టారు. బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, గ్రంథాలయ కార్యదర్శి. చదువుకున్నవాడు కనుక ఆయనంటే నూకరాజు గారికి చులకన. తనకంటే మూడేళ్ళు చిన్నవాడు కనుక మరీ చులకన.

1987 నవంబరులో చంద్రకళ వచ్చి పడకపోతే ఇదంతా ఇలాగే సాగిపోయేది. ఆవిడ గుంటూరు పిల్ల. భర్త ఊరి చివర ఇంజనీరింగు ఇన్‌స్టిట్యూట్‌లో లెక్చరరు. ఆవిడ చేతిలో ఎం.ఏ. పట్టా, పొద్దంతా ఖాళీ. ఈ రెండూ ఒకచోట చేరితే సంఘసేవ పుట్టక మానదు. మూడు వారాల్లో కమిటీ సభ్యురాలైంది. నాలుగో వారం మీటింగులో లేచి నుంచుంది.

"శీతాకాలం సెలవుల్లో పది రోజులు కార్యక్రమాలు పెడదామండీ. అన్ని వయసుల వాళ్ళకీ. ఒళ్ళో పిల్లల దగ్గర్నుంచి తాతగార్ల దాకా."

"అన్ని వొయిసులోలూ లోపలికొస్తే పుస్తకాలు నలిగిపోవా అమ్మా?" అన్నారు నూకరాజు గారు.

"పుస్తకాలున్నది నలగడానికే కదండీ."

"అదేటమ్మా అలాగంతావు! ముప్పయ్యేడేళ్ళు ఒక్క కాయితం నలక్కండా కాసినాం."

"నిజమేనమ్మా. ఆయన ఇంటికి తీసికెళ్ళిన పుస్తకాలైతే మరీను. తెరిచిన గుర్తు కూడా ఉండదు," అన్నారు జ్ఞానరత్నం మాస్టారు, కళ్ళజోడు తుడుచుకుంటూ.

కార్యక్రమాలు ఖాయమయ్యాయి. చంటిపిల్లలకు ఆరోగ్య పోటీ. గోల్‌బజార్ నుంచి బియ్యం తూచే కాటా తెప్పించి, ఎక్కువ తూగిన బిడ్డకు బహుమతి ఇవ్వాలని నిర్ణయించారు. బాలలకు కథ చెప్పే పోటీ, యువకులకు రైలు గొప్పదా విమానం గొప్పదా అని చర్చ. ఉన్న ఊరు ఖరగ్‌పూర్ కనుక విమానం తరఫున ఎవరూ పేరు ఇవ్వలేదు. స్త్రీలకు స్వెటర్ల అల్లిక. చివరి ఆదివారం, అరవై దాటినవారికి పెద్దల సాయంత్రం.

"పెద్దల్లో అందరికంటే పెద్దాయన్ని స్టేజీ మధ్య కుర్చీలో కూచోబెట్టి శాలువా కప్పుదాం," అంది చంద్రకళ. "ఆయన పేరు గ్రంథాలయం గోడ మీద రంగుతో రాయిద్దాం, 'ప్రథమ పాఠకులు' అని."

గోడ మీద పేరనగానే నూకరాజు గారి నిద్ర వదిలిపోయింది. ముఖ్య అతిథిగా ఎవరిని పిలవాలన్న ప్రశ్న వచ్చినప్పుడు ఆయనే ముందుకు దూకారు.

"మా పర్సనల్ ఆపీసరు సాబుని నాను పిలుస్తాను. నా మాటంటే సాబుకి గౌరం."

ఆ బెంగాలీ సాబు నూకరాజు గారి ముఖం అంతవరకు ఎరగరు. అయితే వర్క్‌షాపులో ఎవరెప్పుడు పుట్టారో, ఎప్పుడు రిటైరవాలో రాసిన సర్వీసు బుక్కులన్నీ ఆయన గదిలోనే ఉంటాయి. కత్తిని ఇంటికి భోజనానికి పిలిచినవారిలో నూకరాజు గారిది అగ్రస్థానం.

ఇక్కడ చంద్రకళ ఒక షరతు పెట్టింది. అంతకుముందు ఏడాది పదేళ్ళ లోపు పరుగు పందెంలో గెలిచినవాడు బహుమతి అందుకుంటూ మీసం మెలేశాడట. అందుచేత ఈసారి ప్రతివాళ్ళూ వయసుకి ఏదో ఒక రుజువు కాగితం తేవాలంది. ఎం.ఏ. చదివినావిడ, రైల్వే కాలనీలో వయసుకు రుజువు అడగడమంటే ఏమిటో ఎరగదు పాపం.

వారం గడిచింది. చంటిపిల్లలు నలభై మంది చేరారు. బాలలు డెబ్భై మంది. అరవై దాటినవారి జాబితాలో ఒకే ఒక్క పేరుంది. జ్ఞానరత్నం మాస్టారు, అరవై ఒకటి. చంద్రకళ నిర్ఘాంతపోయి ఖరిదా సందుల్లోకి తనే బయల్దేరింది. అరుగుల మీద మంకీ క్యాపులు, మఫ్లర్లు, చేతికర్రలు, దగ్గులు కావలసినన్ని కనిపించాయి.

"తాతగారూ, మీకెన్నేళ్ళండీ?"

"నాకేటమ్మా, యాబయ్యారు."

"మీకండీ?"

"నాకూ యాబయ్యారే. పోయినేడాదీ అంతే."

"మరి ఈ కర్ర ఏమిటండీ?"

"మోకాలికి సర్వీసు బుక్కు నేదు కదమ్మా," అన్నాడో పళ్ళు లేని యువకుడు.

యాభై ఎనిమిదికి రిటైర్మెంటు. అప్పటికే రిటైరైన పాతవాళ్ళు సొంత ఊళ్ళకు వెళ్ళిపోయారు. దానికి ఇంకా ఏడాదో రెండేళ్ళో ఉన్నవాళ్ళంతా యాభై ఆరు దగ్గర స్తంభించి నిలిచిపోయారు. ఖరిదాలో వృద్ధాప్యం అనే అవస్థను ఒక సంస్థ తాత్కాలికంగా నిలిపివేసిందని చంద్రకళకు ఎవరూ చెప్పలేదు.

నూకరాజు గారి అసలు వయసు అరవై నాలుగు. కాగితం మీద యాభై ఆరు. ఇంకా పద్ధెనిమిది నెలల కొలువుంది, రైల్వే క్వార్టరుంది. గుట్టు బయటపడితే రెండూ పోతాయి. తమ్ముడు వేషంలో ఉన్న కొడుకు కాగితాలూ తిరగబడతాయి. ఇదంతా ఆయనకు తెలుసు. అయినా ఆ సాయంత్రం క్వార్టరులో కాళ్ళు కడుక్కోకుండానే జోగమ్మ ముందు కూలబడ్డారు.

"ఆ మేస్టరు నాకన్నా మూడేళ్ళు సిన్నోడే. ఆడు నడిమి కుర్సీలో కూకుంతాడా?"

"కూకోనీ. నువ్వు కోటర్లో కూకో."

"గోడ మీద పేరు రాత్తారంట."

"గోడ మీద పేరుంటే ఏటి, సుట్టూ గోడలుండొద్దా? కోటరు కాళీ సెయ్యమంతే ఆ గోడకాడికే పోయి తొంగుంతావా?"

"నువ్వు సదూకోనేదు. నీకు తెలీదు."

"నువ్వు సదివింది నాకు తెల్సు. సంచీ ఉతికేది నానే గదా," అంది జోగమ్మ.

ఆయన మానుకున్నారు. చరిత్ర మాత్రం మానుకోలేదు. పెద్దవాళ్ళు దొరక్క విసిగిన చంద్రకళ, పాత సభ్యత్వ రిజిస్టర్లు దులిపి చూసింది. 1950 పుస్తకంలో, ఏడో పేజీలో నూకరాజు గారి సొంత దస్తూరీ. వయసు 27. ఆవిడ వేళ్ళ మీద కూడింది. ముప్పై ఏడూ ఇరవై ఏడూ అరవై నాలుగు. ఇంత పెద్దాయన ఇన్నాళ్ళూ ఎదురుగా కూచుని, తన వయసు గురించి మాటైనా అనకుండా, ఎంత నిగర్వి! ఆవిడకు కళ్ళు చెమర్చాయి. వెంటనే కరపత్రం రాసి ప్రెస్సుకు పంపింది.

కరపత్రం ఖరిదా గోడల మీద పడిన రోజున నూకరాజు గారికి గుండె ఆగాలి. ఆగలేదు. "మన గ్రంథాలయ ప్రథమ పాఠకులు, అరవై నాలుగేళ్ళ విద్యావయోవృద్ధులు" అని తన పేరు పైన ఉంది. తెలుగులో ఉంది. ఆఫీసరుకు తెలుగు రాదు. ఆ ధైర్యంతో ఆయన కరపత్రాన్ని ఆరుసార్లు చదివారు. ఆయన మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివిన రచన అదొక్కటేనని చెప్పడానికి సాహసించవచ్చు. ఒక రోజంతా ఇంట్లో దగ్గు కూడా గంభీరంగా దగ్గారు.

మర్నాడు వర్క్‌షాపు గేటు పక్క గోడ మీద అదే కరపత్రం బెంగాలీలో కనిపించింది. ముఖ్య అతిథికి అర్థం కావాలని చంద్రకళ గోల్‌బజార్‌లో విడిగా అచ్చు వేయించింది. ఫోర్‌మన్ విల్‌ఫ్రెడ్ దాని ముందు నిలబడి పైకి చదువుతున్నాడు.

"ఏం నూకరాజ్, సిక్స్టీ ఫోరా? నాకంటే పెద్దోడివా మ్యాన్! రేపట్నుంచి నేనే నీకు సలాం కొట్టాలా?"

"అచ్చు తప్పు దాదా," అన్నారు నూకరాజు గారు.

"తప్పయితే అరవై నాలుగు ఎట్లా వస్తుంది? ఏ నలభై నాలుగో అనుకుందామా? మొహం చూసుకున్నావా?"

పక్కనే రంగనాథ్ నిలబడి ఉన్నాడు. "అన్నయ్యా, పోదారండి," అన్నాడు మెల్లగా. విల్‌ఫ్రెడ్ ఆ నలభై రెండేళ్ళ తమ్ముణ్ణీ ఆ అన్నయ్యనీ మార్చి మార్చి చూసి, టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమే నూకరాజు గారు చంద్రకళ దగ్గరికి వెళ్ళారు. ఆవిడ లైబ్రరీలో చంటిపిల్లల బరువులు రాసుకుంటోంది.

"అమ్మా, ఆ పాత పుస్తకంలో అంకె కాస్త దిద్దీవా? ఇరవయ్యేడు తీసీసి పందొమ్మిది పెట్టీ."

"అయ్యో, రిజిస్టరు దిద్దకూడదండీ. అయినా మీ చేత్తో మీరు రాసిందే కదా?"

"రాసినాను. తెలక రాసినాను."

"పోనీ పందొమ్మిదే అనుకుందాం. పందొమ్మిదేళ్ళకి కమిటీ మెంబరు ఎలా అయ్యారండీ? ఇరవై అయిదు నిండాలిగా?"

నూకరాజు గారు కాటా పళ్ళెం మీది దుమ్ము తుడవసాగారు.

"మీ దగ్గర వేరే రుజువుంటే చెప్పండి, సవరిద్దాం. ఏదో ఒకటే నిజమవుతుంది కదండీ. మీరే స్టేజీ మీద చెప్పేయండి, అందరూ వింటారు," అంది ఆవిడ. ఆ మాటలో ఏ ద్వేషమూ లేదు. కొందరు మంచివాళ్ళు తెలియకుండానే మనిషిని గోడకు నొక్కేస్తారు. వారితో పోల్చితే చెడ్డవాళ్ళు నయం, బతిమాలితే వింటారు.

జనవరి మూడో తారీఖు, ఆదివారం. గ్రంథాలయం ముందు షామియానా వేశారు. చలికి జనం ముడుచుకుని కూచున్నారు. ఆరోగ్య పోటీలో గెలిచిన బిడ్డ స్టేజీ పక్కన ఆపకుండా ఏడుస్తోంది. గెలుపు విలువ అందరికంటే ముందు దానికే తెలిసినట్టుంది. ముఖ్య అతిథి ముందే వచ్చి, మధ్య కుర్చీకి పక్క కుర్చీలో కూచున్నారు. ఖరిదాలోని యాభయ్యారేళ్ళ వాళ్ళంతా చేతికర్రలతో సహా ముందు వరసల్లో ఉన్నారు. ఈ ఒక్క దారం లాగితే ఎన్ని స్వెటర్లు విచ్చుకుంటాయో వాళ్ళకు తెలుసు.

చంద్రకళ ముందు తెలుగులోనూ, అతిథి కోసం హిందీలోనూ, నూకరాజు గారి అరవై నాలుగేళ్ళ జీవితాన్ని కొనియాడింది. ఆయన రాలేదనుకుంటారేమో, వచ్చారు. జోగమ్మ తీసి ఇచ్చిన కోటు వేసుకుని మరీ వచ్చారు.

ఆఫీసరు కరపత్రం తిప్పి చూశారు. "నూకరాజు? కేరేజ్ షాప్‌వాలా? చౌంసఠ్? హమారే కాగజ్ మే తో ఛప్పన్ లిఖా హై," అన్నారు. కాగితంలో యాభై ఆరు కదా, ఇక్కడ అరవై నాలుగేమిటని ఆయన సందేహం. కోపంగా అనలేదు. ఆఫీసర్లు ప్రమాదకరమైన మాటలు కోపంగా అనరు.

ఏడుస్తున్న బిడ్డ కూడా ఆగింది.

నూకరాజు గారు లేచి నుంచున్నారు. ఎదురుగా మధ్య కుర్చీ ఉంది. దాని మీద మడత పెట్టిన ఎర్ర అంచు శాలువా ఉంది. వెనక గోడ మీద పెయింటరు అప్పుడే "ప్రథమ పాఠకులు" అని రాసి, కింద పేరుకు చోటు వదిలిపెట్టాడు. ఆయన చేతులు జోడించారు.

"సాబ్, ఆప్‌కా కాగజ్ సచ్ హై. ఇదర్ మై ఝూట్ లిఖా," అని, జనం వైపు తిరిగారు. "బాబూ, అమ్మా. ఆ పుస్తకంలో రాసింది అబద్దం. కుర్సీ మీద ఆశపడి ఎనిమిదేళ్ళు పెంచీసినాను. నాకు యాబయ్యారే. మాయమ్మ మీద ఒట్టు."

అబద్ధాన్ని నిజమని ప్రమాణం చేసేవారు లోకంలో వీధికి నలుగురుంటారు. తాను పలికిన ఒక్క నిజాన్నీ నడిబజారులో నిలబెట్టి, ఇది అబద్ధం, క్షమించండి అని కన్నీళ్ళు పెట్టుకున్నవారిని మాత్రం ఖరగ్‌పూర్ అంతకుముందు చూడలేదు. కన్నీళ్ళు నిజమైనవే. అవి శాలువా కోసం.

ముందు వరసల్లోని యాభయ్యారేళ్ళ వాళ్ళు అరచేతులు మండిపోయేలా చప్పట్లు కొట్టారు. ఆఫీసరు ముఖం వికసించింది. కాగితం గెలిచినప్పుడు ఆఫీసర్లకు కలిగే ఆనందం మరెప్పుడూ కలగదు. ఒప్పుకునే ధైర్యం గొప్పదని బెంగాలీలో రెండు నిమిషాలు మాట్లాడారు.

అప్పుడు జ్ఞానరత్నం మాస్టారు నియమావళి పట్టుకుని లేచారు. మాస్టారికి అసలు సంగతి తెలుసు. ఖరిదాలో ఆ సంగతి తెలియనివారు ఇద్దరే, చంద్రకళ, ఆఫీసరు.

"అత్యంత విచారంతో చదువుతున్నాను," అని చాలా ఉల్లాసంగా మొదలుపెట్టారు. "తప్పుడు వయసుతో కమిటీలో ప్రవేశించినవారి పదవి తక్షణం రద్దగును. నూకరాజు గారూ, తాళాలు."

మొల నుంచి తాళాల గుత్తి విప్పడానికి చాలాసేపు పట్టింది. ముప్పై ఏడేళ్ళలో ముడి బిగుసుకుపోయింది. చివరికి రంగనాథ్ వచ్చి సాయం చేశాడు.

శాలువా మాస్టారికి కప్పారు. మధ్య కుర్చీలో మాస్టారు కూచున్నారు. అంతటితో వదిలినా బాగుండేది. ఆఫీసరుకు సంప్రదాయం మీద మక్కువ ఎక్కువ. "ఛోటా హై తో ప్రణామ్ కరో," అన్నారు నూకరాజు గారితో, చిన్నవాడివి కదా, పెద్దాయన కాళ్ళకు దణ్ణం పెట్టమని.

అరవై నాలుగేళ్ళ నడుం కిర్రుమంటూ వంగింది. అరవై ఒక్కేళ్ళ చెయ్యి ఆ బట్టతల మీద ఆనింది.

"చల్లగా ఉండు నాయనా. బాగా చదువుకో," అన్నారు మాస్టారు.

ఆ పద్ధెనిమిది నెలలూ నూకరాజు గారు పూర్తిగా పనిచేశారు. క్వార్టరు నిలిచింది, రంగనాథ్ తమ్ముడుగానే కొనసాగాడు. 1989 జూన్‌లో వీడ్కోలు సభలో ఆ ఆఫీసరే దండ వేసి, యాభై ఎనిమిదేళ్ళకే మనిషి ఇంత అరిగిపోయాడంటే రైల్వేకి ఎంత సేవ చేసి ఉంటాడో ఆలోచించండి అన్నారు. నూకరాజు గారు తలవంచుకుని, ఆ ప్రశంసను కూడా చదవకుండానే సంచిలో వేసుకున్నారు. తరవాత ఖరిదాలో, లైబ్రరీకి రెండు సందుల అవతల అద్దెకు దిగారు. ఆ వీధిలోకి మాత్రం వెళ్ళేవారు కాదు.

ఈలోగా ఖరిదాలో ఒక విచిత్రమైన వ్యాధి ప్రబలింది. రిటైరైన మనిషి మర్నాటికల్లా ఎనిమిదేళ్ళో పదేళ్ళో ముసలివాడైపోతున్నాడు. సర్వీసు బుక్కు మూతపడగానే ఒక్కొక్కడూ తన అసలు వయసును పెట్టె అడుగునుంచి తీసి, దులిపి, తొడుక్కున్నాడు. చంద్రకళ శీతాకాల కార్యక్రమాలు ఏటా సాగుతూనే ఉన్నాయి. 1991 డిసెంబరు వచ్చేసరికి పెద్దల జాబితాలో పద్నాలుగు పేర్లు చేరాయి. వర్క్‌షాపులో బరువులు మోసిన పాత ఖలాసీ గోవిందరావు అరవై ఆరు అన్నాడు. ఇంకొకాయన డెబ్భై అన్నాడు. రుజువు కాగితం అడగడం చంద్రకళ ఎప్పుడో మానేసింది. పెద్దలంటూ దొరికారు, అదే పదివేలు.

నూకరాజు గారు ఉండబట్టలేక వెళ్ళారు. వరసలో నిలబడి, గొంతు సవరించుకుని, "అరవయ్యెనిమిది" అన్నారు.

చంద్రకళ కలం ఆపింది. "అదేంటండీ? ఆ రోజు మీరే చెప్పారుగా, పుస్తకంలో రాసింది అబద్ధమని. మినిట్స్‌లో ఉంది. అమ్మగారి మీద ఒట్టేశారని కూడా రాశాం. ఆ లెక్కన మీకు ఇప్పుడే అరవై నిండింది."

"అదప్పుడు సెప్పినాను గానీ..."

"ఆఫీసరుగారు సంతకం కూడా పెట్టారండీ."

వెనక వరసలో గోవిందరావు గట్టిగా నవ్వాడు. "ఊరుకోమ్మా, కుర్రోడు సరదా పడతన్నాడు. రాసుకో, అరవై."

ఆవిడ రాసుకుంది. జాబితాలో చివరి పేరు, అందరికంటే చిన్నవాడు. ఆ సాయంత్రం స్టేజీ మీదికి పెద్దలను ఒక్కొక్కరినే పిలిచారు. పెద్దలకు కుర్చీలు చాలలేదు. లోపలి గదిలో ఉన్నాయి, ఎవరైనా కాస్త వయసులో ఉన్నవాళ్ళు వచ్చి అందుకోండి అని మైకులో జ్ఞానరత్నం మాస్టారు అడిగారు. అందరి తలలూ ఒక్క వైపే తిరిగాయి.

"నూకరాజూ," అన్నాడు గోవిందరావు, నడుం పట్టుకుని. "నానింక నిలబడలేను. ముందు నాకో కుర్సీ తేరా బాబూ."

నూకరాజు గారు లోపలికి వెళ్ళి ఒక ఇనప కుర్చీ భుజాన వేసుకుని వచ్చారు, గోవిందరావు కింద వేశారు, రొప్పుతూ నిలబడ్డారు. మోస్తున్నవాడు ఎవరో, కూచున్నవాడు ఎవరో, ఎవరికంటే ఎవరు రెండేళ్ళు పెద్దో షామియానాలో ఉన్న ప్రతి మనిషికీ తెలుసు. ఎవరూ లేవలేదు.

లోపల ఇంకా పదకొండు కుర్చీలున్నాయి.